ఆదివారం సంతకం

గోవింద్‌పూర్, జంషెడ్‌పూర్
10 ఫిబ్రవరి 2025, సోమవారం

చిరంజీవి సౌజన్యకు మీ మావయ్య సూర్యం ఆశీస్సులు.

నిన్న సిద్ధగోరా వెళ్ళి మీ అమ్మను చూసి వచ్చాను. అక్క మోకాలి నొప్పి తగ్గింది, చలి కూడా తగ్గింది కనుక. నాకు రెండు అరిసెలు కట్టి ఇచ్చింది.

నువ్వు ఫోన్ చేసినప్పుడు "ఊఁ" అనడం తప్ప మరేమీ అనలేకపోయాను. కంపెనీ ప్రెస్ షాపులో, ఇనప రేకులు గుద్దే మిషన్ల మధ్య పదకొండేళ్ళు పనిచేసిన చెవులు. ఎదురుగా ఉన్న మనిషి పెదవులు చూస్తే అర్థమవుతుంది, ఫోనులో పెదవులుండవు. అందుకని ఉత్తరమే రాద్దాం. నువ్వు కూడా చేత్తో రాయి.

మీ కంపెనీ షరతులు మా కుట్టు షెడ్డులో ఆడవాళ్ళకి చదివి వినిపించాను. ఆకులతో, బెరడులతో అద్దిన రంగే ఉండాలి. కత్తిరింపు ముక్కలు పారేయకూడదు. ఎనిమిది గంటల పని, ఆదివారం సెలవు. ప్రతి చొక్కా లోపల కుట్టిన మనిషి పేరు ఉండాలి. అన్నిటికీ తలూపారు. పేరు దగ్గరికి వచ్చేసరికి సన్యాసమ్మ లేచింది. మా పదకొండుమందిలోనూ పెద్దది, నోరు కూడా పెద్దదే.

"నా పేరు సొక్కాలోన ఏసుకుని ఎవలో తిరిగితే నాకేటి వత్తాది మాస్టర్‌జీ? రెండు ఉతుకులకి నా పేరు నీళ్ళల్లో పోద్ది."

అందరూ నవ్వారు. ఆమెకు తన పేరు రాయడం రాదు. నేను మిగతా వాళ్ళందరికీ సంతకం నేర్పాను, ఆమె మాత్రం వేలిముద్రే. ఇక్కడ నా నియమం ఒకటే: సాయంత్రం వెళ్ళేటప్పుడు హాజరు పుస్తకంలో సంతకమో, వేలో పడాలి. పడకపోతే ఆ దినం లేదు. నేను బడిలో చదువుకోలేదు, రాత నేనే నేర్చుకున్నాను. రాసి ఉన్నదాన్నే నమ్ముతాను.

నువ్వు అడిగిన హాజరు పుస్తకం కాపీలు, నాలుగు నెలలవి, ఇందులో పెట్టాను. ఈ పని మాకు కావాలి. స్కూలు యూనిఫారాల పని ఏడాదికి మూడు నెలలే.

ఇట్లు,
సూర్యం


బెంగళూరు
22 ఫిబ్రవరి 2025

మావయ్యా,

నీ అక్షరాలు చూసి ఎంతకాలమైందో! ప్రతి వరస కింద స్కేలు పెట్టి గీసినట్టు రాస్తావు. ఆఫీసులో నా పక్క సీటు మనస్వికి చూపించాను, "ఇది అచ్చా, చేతిరాతా?" అంది.

ముందే చెప్తున్నాను. నువ్వు నా మేనమామవి కాబట్టి నీ షెడ్డుని తనిఖీ చేసేది నేను కాదు. జూన్‌లో వేరే వాళ్ళు వస్తారు. వాళ్ళు రాకముందు కాగితాలు ఒకసారి చూసి, లోపాలుంటే చెప్పడం వరకే నా పని. గాలి బాగా వస్తోందా, కొత్త పైకప్పు కింద వేడి ఎంత ఉంది, నీళ్ళు ఎన్ని కుండలు, ఇవన్నీ నువ్వు రాసి పెట్టుకుంటావని నాకు తెలుసు. అలా రాసే వాళ్ళు మాకు ఎక్కడా దొరకరు.

ఒక్కటే అర్థం కాలేదు. నాలుగు నెలల్లోనూ ప్రతి ఆదివారం ఎర్ర సిరాతో "సెలవు" అని రాశావు. దాని కిందే ఒక మనిషి హాజరు ఉంది. పోలమ్మ. సంతకం కూడా ఉంది. వారం మధ్యలో ఆమె పేరెక్కడా లేదు. ఆదివారం మాత్రమే వచ్చి పనిచేసే మనిషెవరు? ఊడ్చి తుడిచే ఆవిడా? అయితే ఆవిడకి వేరే పుస్తకం పెట్టు, వేరే రోజు సెలవివ్వు. చిన్న విషయమే.

మజ్జిగ తాగు, టీ తగ్గించు.

నీ సౌజన్య


గోవింద్‌పూర్
3 మార్చి 2025, సోమవారం

చి. సౌజన్యకు,

ఉత్తరం అందింది. షెడ్డులో మధ్యాహ్నం రెండింటికి 33 డిగ్రీలు. ఆరు కుండలు. రెండు ఎగ్జాస్ట్ ఫ్యాన్లూ తిరుగుతున్నాయి. కరెంటు పోతే పని ఆపి అందరూ బయట వేపచెట్టు కిందికి వెళ్ళాలని గోడ మీద రాసి పెట్టాను. ఇది ఆరేళ్ళుగా నడుస్తోంది.

కత్తిరింపు ముక్కలు మూడు బస్తాలయ్యాయి. సన్యాసమ్మ వాటితో బొంతలు కుడుతోంది. గళ్ళూ, గీతలూ, అన్ని స్కూళ్ళ రంగులూ ఒకే బొంతలో ఉంటాయి. ఒకటి మీ అమ్మకి ఇచ్చాను.

పోలమ్మ గురించి అడిగావు. ఆమె ఊడ్చే మనిషి కాదు. బొత్తాలు, కాజాలు ఆమె పని. ఆదివారం ఆమె పని చేయదు. ఆమెకు జీతం లేదు. ఆ వరసని గురించి ఏమీ అనుకోవద్దు.

ఏడో నంబరు మిషను ఖాళీగా ఉంటుంది. అది ఎవరికీ ఇవ్వను. తనిఖీవాళ్ళు అడుగుతారని ముందే చెప్తున్నాను.

ఇట్లు,
సూర్యం


బెంగళూరు
14 మార్చి 2025

మావయ్యా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. ప్రతిసారీ మరింత భయమేసింది.

"పని చేయదు" అంటావు, కానీ హాజరు ఉంది. "జీతం లేదు" అంటావు, కానీ సంతకం ఉంది. ఆదివారం ఒక ఆడమనిషి చేత జీతం లేకుండా కాజాలు కుట్టిస్తున్నావని తప్ప దీన్ని ఇంకెలా చదవాలి? తిరుపూర్‌లో ఒక యూనిట్‌లో ఇలాగే ఒక పేరు కనిపించింది. తీరా చూస్తే బాకీ తీర్చడానికి పనిచేస్తున్న మనిషి. నేనే రిపోర్టు రాశాను. ఆ యజమాని కూడా నీలాగే "ఏమీ అనుకోవద్దు" అన్నాడు.

నువ్వు అలాంటివాడివి కావు. కానీ నాకు తెలిసిన నువ్వు ఏదీ దాచవు కూడా. ఆ మనిషి ఎవరు, ఎక్కడుంటుంది, నీకేమైనా బాకీ ఉందా, నేను ఆమెతో మాట్లాడవచ్చా? ఈ నాలుగింటికీ జవాబు రాయి. లేకపోతే నీ కాగితాలు ముందుకు పంపలేను. పంపకపోతే ఆ పదకొండుమందికీ పని రాదు.

సౌజన్య

ఉత్తరం మూసేముందు అమ్మకి ఫోన్ చేశాను. "గోవింద్‌పూర్‌లో పోలమ్మంటే ఎవరమ్మా?" అని అడిగాను. "బలరామ్ పెళ్ళాం. అది పోయి ఆరేళ్ళవుతోంది గదే, ఎండలో పడిపోయి," అంది.

మావయ్యా, మొన్న ఆదివారం సంతకం పెట్టిందెవరు?


గోవింద్‌పూర్
24 మార్చి 2025, సోమవారం

చి. సౌజన్యకు,

సంతకం పెట్టేది నేను కాదు. ఇది ముందు నమ్ము.

ప్రతి ఆదివారం పొద్దున్న షెడ్డు తెరిచి పుస్తకంలో తేదీ వేస్తాను. సెలవు అని రాస్తాను. కింద పోలమ్మ పేరు రాసి, సంతకం గడి ఖాళీగా వదిలేస్తాను. తలుపు మూసి వచ్చేస్తాను. పుస్తకం గుమ్మం పక్కన స్టూలు మీదే ఉంటుంది. సోమవారం తలుపు తీసి, మెయిను వేసి, కుండలు నింపి వచ్చి చూస్తే గడిలో సంతకం ఉంటుంది. "పోలమ్మ" అని. చివరి మకారం కింద ఒత్తు కొక్కెంలా కిందికి వేలాడుతుంది. ఆమె అలాగే రాసేది. ఎంత దిద్దించినా ఆ కొక్కెం పోలేదు.

మొదటిసారి చూసిన రోజు నేను కుండ జారవిడిచాను. తర్వాత ఎవరినీ అడగలేదు. అడిగితే ఎవరైనా ఏదైనా చెప్తారు కదా. చెప్పాక ఇక ఆ సంతకం ఉండదేమో అనిపించింది.

నా చెవులు సగం పోయాయని నీకు తెలుసు. కంపెనీ సైరన్ కూడా ఇప్పుడు ఎక్కడో చాలా దూరంగా మోగుతున్నట్టుంటుంది. కానీ ఆదివారం సాయంత్రం షెడ్డు పక్కనే ఉన్న మా ఇంట్లో కూర్చుంటే షెడ్డు గేటు గొళ్ళెం చప్పుడు వినపడుతుంది. ఐదూ నలభైకి. నేను లేచి వెళ్ళి చూడను.

బాకీ లేదు. ఆమె నాకు బాకీ లేదు.

ఇట్లు,
సూర్యం


బెంగళూరు
5 ఏప్రిల్ 2025

మావయ్యా,

నీ ఒంట్లో బాగాలేదేమోనని మొదట అనుకున్నాను. సత్యప్రసాద్ అన్నయ్యని పంపి డాక్టరుకి చూపించమని అమ్మకి చెప్పాను కూడా. కోపం తెచ్చుకోకు.

తర్వాత ఒక పని చేశాను. అమ్మ చెప్పిన తేదీ పట్టుకుని క్యాలెండర్ చూశాను. పోలమ్మ పోయింది 2019 జూన్ 2న. అది ఆదివారం.

అమ్మ ఇంకో సంగతి కూడా చెప్పింది. ఆ రోజు నీ షెడ్డు మూసి ఉందట, పోలమ్మ పనికని చెప్పి ఇంటి నుంచి వెళ్ళిందట. సాయంత్రం రైల్వే గేటు దగ్గర పడిపోయిందట. పొద్దుట్నుంచీ ఎక్కడ తిరిగిందో, ఎవరితో ఉందో అని బస్తీలో ఇప్పటికీ చెవులు కొరుక్కుంటారట. బలరామ్ ఇంట్లో ఆమె ఫోటో పెట్టలేదట. ఆరేళ్ళయినా.

నేను తిన్నగా అడుగుతున్నాను. ఆ ఆదివారం షెడ్డు మూసి ఉందా, తెరిచి ఉందా?

2018, 2019 పుస్తకాలన్నీ నాకు పంపు.

సౌజన్య


గోవింద్‌పూర్
20 ఏప్రిల్ 2025, ఆదివారం

చి. సౌజన్యకు,

తెరిచి ఉంది.

నా పుస్తకంలో ఆ రోజు రాసింది ఉన్నదున్నట్టు ఎత్తి రాస్తున్నాను.

"2-6-19. ఆది. వేడి 44. కరెంటు 11 నుండి 3 దాకా లేదు. సన్యాసమ్మ 8.00 – 4.30, వేలిముద్ర. పోలమ్మ 8.10 – 5.40. బొత్తాలు 212 చొక్కాలకు. నీళ్ళు ఒక కుండ."

ఒక కుండ.

మంగళవారం లారీ ఎక్కాల్సిన సరుకు. ఆర్గానిక్ కాటన్ అని చీటీలు కుట్టిన చొక్కాలు. మిగతావాళ్ళు రామన్నారు, ఆ ఇద్దరూ వచ్చారు. రేకుల కింద ఫ్యాన్ లేకుండా కూర్చున్నారు. నాలుగు గంటలకి పోలమ్మ, "తల దిమ్ముగున్నాది మాస్టర్‌జీ," అంది. నేను, "ఇంకో నలభై ఉన్నాయి, కానిచ్చి వెళ్ళిపో," అన్నాను. కానిచ్చింది. వెళ్ళేటప్పుడు సంతకం పెట్టడం మరిచిపోయింది. ఎప్పుడూ మరిచిపోని మనిషి. నేను పుస్తకం పట్టుకుని గేటు దాకా వెళ్ళి పిలిచాను కూడా. వెనక్కి తిరగలేదు. గొళ్ళెం వేసి వెళ్ళిపోయింది. ఆరు గంటలకి రైల్వే గేటు దగ్గర పడిపోయింది.

మూడో రోజు లేబర్ ఆఫీసు నుంచి ఒకాయన వచ్చి పుస్తకం అడిగాడు. మా దగ్గర రెండు పుస్తకాలుండేవి. అసలుది ఒకటి, చూపించడానికి ఇంకొకటి. ఆ రెండోదానిలో ఏ ఆదివారమూ పని లేదు. అదే ఇచ్చాను. ఆయన "సెలవు" అని కాగితం మీద రాసుకుని వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం బలరామ్ వచ్చాడు. గేటు బయటే నిలబడ్డాడు.

"సాబ్ కాయితంలో ఛుట్టీ అని రాసీసేడు మాస్టర్‌జీ. మాయావిడ పనికెల్తన్నానని సెప్పి ఎల్లింది. ఏది నిజిం?"

నేను "సెలవే" అన్నాను. ఒక్క మాట. అతను వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు. సన్యాసమ్మ లోపల నుంచి చూస్తోంది, నా ముఖం చూసి తనూ నోరెత్తలేదు. షెడ్డు మూతపడితే పదిమంది రోడ్డు మీద పడతారని ఆమెకీ తెలుసు.

ఆ తర్వాత ఆదివారం పని ఆపాను. పైకప్పు మార్చాను, కుండలు పెంచాను. ఇప్పుడు మీ షరతులన్నీ మా దగ్గర ఉన్నాయి. ఎలా వచ్చాయో నీకు చెప్పాను.

ఆమె సంతకం పెట్టకుండా వెళ్ళిన గడి ఇంకా ఖాళీగానే ఉంది. అందుకే ప్రతి ఆదివారం పేరు రాస్తున్నాను.

అసలు పుస్తకం పంపుతున్నాను. రెండోదానికి చెదలు పట్టాయి, లేదు.

సూర్యం


బెంగళూరు
2 మే 2025

మావయ్యా,

ఉత్తరం, పుస్తకం అందాయి.

ఒక్క మాట కోసం ఆరేళ్ళుగా ఒక మనిషి తన భార్య ఫోటో గోడకి పెట్టుకోలేకపోయాడు. బొత్తాలు కుడుతూ ప్రాణం పోగొట్టుకున్న మనిషి గురించి బస్తీ అంతా చెవులు కొరుక్కుంటోంది. నువ్వేమో ప్రతి వారం ఒక ఖాళీ గడి గీసి, ఇంట్లో కూర్చుని గొళ్ళెం చప్పుడు వింటున్నావు. గోవింద్‌పూర్‌లో మీ ఇంటికీ బలరామ్ ఇంటికీ మధ్య ఎంత దూరం? ఇరవై నిమిషాలా?

చెదల మాట నేను నమ్మను. నీ గూట్లో 1998 నాటి కిరోసిన్ కార్డు కూడా చెక్కు చెదరకుండా ఉంది. నీ అసలు పుస్తకంలో ఆమె సంతకం లేదు. అది ఒక్కటే ఉంటే, ఆ వరస నువ్వు తర్వాత రాసుకున్నావని అంటారు. రెండు పుస్తకాలూ పక్కపక్కన పెడితేనే ఆ రోజు ఏం జరిగిందో రుజువవుతుంది. నీకు ఇది తెలియదా? తెలిసే దాస్తున్నావు. ఎవరిని కాపాడుతున్నావు? నిన్నేనా?

ఆ దొంగ పుస్తకం పెట్టడం నీ అంతట నీకు తట్టదు. నీకు అబద్ధం రాయడం చేతకాదు. ఎవరు నేర్పారు? ఆ సరుకు కొన్న ఏజెంటా? పేరు చెప్పు. ఈ నెలాఖరుకి పుస్తకం రాకపోతే "కాగితాలు దాచారు" అని నేనే రాసి పంపుతాను. మేనమామవైనా సరే.

సౌజన్య


గోవింద్‌పూర్
9 మే 2025, శుక్రవారం

చి. సౌజన్యకు,

పార్సిల్ పంపాను. వేడి 42. తొమ్మిది కుండలు.

నేనే రాశాను, నేనే చూపించాను. బలరామ్‌తో "సెలవే" అన్న నోరు నాది. పుస్తకం విప్పాక కూడా ఈ మూడు మాటలు గుర్తు పెట్టుకో. నువ్వు అప్పటికి చిన్నపిల్లవి.

మావయ్య


బెంగళూరు
17 మే 2025

మావయ్యా,

పుస్తకం విప్పాను.

గీతలు నావి. పేర్ల పట్టీ నాది. 2018 అక్టోబరు నుంచి ఏడాది పొడుగునా ప్రతి ఆదివారం దగ్గర ఎర్ర సిరాతో రాసిన "సెలవు" నాది. జూన్ 2 పేజీ తీశాను. అక్కడా నా అక్షరమే. పోలమ్మ చనిపోవడానికి ఎనిమిది నెలల ముందే ఆ రోజు ఆమె పనిలో లేదని రాసిపెట్టాను.

మరిచిపోయాను మావయ్యా. ఈ పుస్తకాన్నీ, పోలమ్మ పేరునీ కూడా నిజంగా మరిచిపోయాను. నాకు అప్పుడు ఇరవైమూడు. కొనుగోలు ఏజెంటు దగ్గర మొదటి ఉద్యోగం, మొదటి దసరా సెలవులు. నీ కటింగ్ బల్ల మీద కూర్చుని, కాళ్ళూపుకుంటూ, ఫోనులో క్యాలెండర్ తెరిచి పక్కన పెట్టుకుని ఒక్క మధ్యాహ్నంలో రాసేశాను. "అందరూ ఇలాగే రెండు పుస్తకాలు పెడతారు మావయ్యా, చూసేవాళ్ళకి కూడా తెలుసు," అన్నాను. నువ్వు "రాసి ఉన్నది అబద్ధమైతే ఎలా అమ్మాయ్?" అన్నావు. పాతకాలం మనిషివని నవ్వాను.

టీ తెచ్చింది పోలమ్మే. నా భుజం మీదుగా చూసి, "ఎర్ర సిరాతోటి రాసినయ్యి మాకు నిజింగా సెలవలేనా అమ్మాజీ?" అని అడిగింది. నేను "పుస్తకంలో సెలవులు, పోలమ్మా" అన్నాను. ఆమె కూడా నవ్వింది. ఆ నవ్వు ఈ నాలుగు రోజుల్లో ఎన్నిసార్లు గుర్తొచ్చిందో నేను నీలా లెక్క రాయలేదు.

తిరుపూర్ యజమాని మీద ఎంత గట్టిగా రాశానో!

నిన్న రెండు పుస్తకాలూ, నేను చేసింది రాసిన కాగితమూ మా పై అధికారి శ్రీనిధి గారి బల్ల మీద పెట్టాను. ఆవిడ చాలాసేపు చదివారు. విచారణ అయ్యేదాకా నన్ను ఈ పనిలోంచి తప్పించారు. మీ ఆర్డరు కూడా ఆగిపోయింది. కానీ మూసేయలేదు. మూడు నెలల తర్వాత, పోలమ్మ సంగతి తేలాక, ఇప్పుడున్న షెడ్డుని మళ్ళీ చూస్తామన్నారు. సన్యాసమ్మకి, మిగతా వాళ్ళకి నా మీద కోపం వస్తే అది న్యాయమే, ఆ మాట చెప్పు.

నువ్వు రెండు పనులు చేయాలి. లేబర్ ఆఫీసుకి వాంగ్మూలం రాయి, ఆ రోజు లోపల ఉన్న సన్యాసమ్మ చేత సాక్ష్యం పెట్టించు. దానికి ముందు బలరామ్ ఇంటికి వెళ్ళు. నేను కూడా వస్తాను, కాస్త ధైర్యం కూడగట్టుకుని. నువ్వు నా కోసం ఆగకు.

నన్ను కాపాడినందుకు నీకు కృతజ్ఞత చెప్పలేను. అర్థం చేసుకో.

సౌజన్య


గోవింద్‌పూర్
2 జూన్ 2025, సోమవారం

చి. సౌజన్యకు,

మొన్న గురువారం బలరామ్ ఇంటికి వెళ్ళాను. అసలు పుస్తకం నీకు పంపేముందు తీయించి పెట్టుకున్న ఆ పేజీ జిరాక్స్ పట్టుకుని వెళ్ళాను, మాట సరిగ్గా రాకపోతే కాగితం ఇవ్వవచ్చని. కాగితం ఇచ్చాను. అతనికి చదవడం వచ్చు, మెల్లగా. వేలు పెట్టి గంటల దగ్గర ఆగాడు.

"ఐదూ నలబై దాకా ఉన్నాదా?"

ఉందన్నాను. సెలవని చెప్పింది అబద్ధమన్నాను. కొడతాడనుకున్నాను, కొడితే బాగుండునని కూడా అనుకున్నాను. అతను కాగితం మడిచి, దులిపి, మళ్ళీ విప్పాడు. నన్ను కూర్చోమనలేదు, పొమ్మనలేదు. నేనే వచ్చేశాను.

శనివారం పని అయ్యాక ఆడవాళ్ళందరి ముందూ వాంగ్మూలం చదివాను. నీ పేరు, నా పేరు, రెండూ ఉన్నాయి. ఆర్డరు ఆగిందని కూడా చెప్పాను. సాక్షి దగ్గర వేలిముద్ర కోసం సన్యాసమ్మ ముందు సిరా డబ్బా పెట్టాను. ఆమె డబ్బా పక్కకి నెట్టి, "పెన్ను ఇయ్యండి," అంది.

ఇచ్చాను. కాగితం మీద బాగా వంగి, నాలుక బయటపెట్టి, మెల్లగా రాసింది. పోలమ్మ. చివర మకారం కింద కొక్కెంలాంటి ఒత్తు.

నేను కాగితం నా వైపు తిప్పుకున్నాను.

"నీకు సంతకం రాదు కదా?"

"నా పేరు రాదు. దాని పేరే వచ్చు. పక్కన కూకుని దిద్దేది గదా, సూసి సూసి వచ్చీసింది."

"ఆరేళ్ళుగా సోమవారం సోమవారం నువ్వేనా?"

"మీరు కుండలు నింపడానికి ఎల్తారు గదా, అప్పుడు." నా వైపు సూటిగా చూసింది. "సంతకం లేకపోతే దినం లేదని మీరే గదా సెప్పేరు? మీరు పేరు రాసి వొదిలెత్తన్నారు. సచ్చిపోయినోల్ల దినం కూడా కొట్టెయ్యాలా ఏటి?"

ఎవరో ఏడ్చారు. నేను తల ఎత్తి చూడలేదు. సాక్షి పేరు అది కాదు కనుక పక్కన ఆమె వేలిముద్ర కూడా తీసుకున్నాను. సంతకం మాత్రం కొట్టేయలేదు. కాగితం అలాగే ఇవాళ ఆఫీసులో ఇచ్చాను. తీసుకున్నాయన "ఈ పోలమ్మ ఎవరు?" అని అడిగాడు. అంతా రాశాను, చదవండి అన్నాను.

నిన్న ఆదివారం. పొద్దున్న షెడ్డు తెరిచాను. తేదీ వేశాను, సెలవు అని రాశాను. పేరు రాయలేదు. సాయంత్రం ఇంట్లో కూర్చున్నాను. సంతకం ఎవరిదో తెలిసింది కనుక ఇక ఏదీ వినపడదనుకున్నాను. ఐదూ నలభైకి గొళ్ళెం చప్పుడు వినపడింది.

ఈసారి లేచి వెళ్ళాను.

బలరామ్. ఉతికిన చొక్కా వేసుకున్నాడు. గేటు తెరిచి, మళ్ళీ మూసి, గొళ్ళెం వేసి చూస్తున్నాడు. నన్ను చూసి, "గడియారం ఉన్నాదా మాస్టర్‌జీ?" అన్నాడు. ఉందని చెయ్యి చూపించాను. "సరే, రండి," అని ముందు నడిచాడు.

నేను వెనక నడిచాను. అతని ఇంటికి వెళ్ళే దారే: టీ కొట్టు, సైకిల్ షాపు, హనుమాన్ గుడి, చేపల బజారు. అతను ఆడమనిషి నడిచినట్టు, తొందరపడకుండా నడిచాడు. ఎండ ఇంకా తగ్గలేదు. ఎవరితోనూ మాట్లాడలేదు. రైల్వే గేటు దగ్గర, ఆమె పడిన చోట, ఆగాడు. నా మణికట్టు పట్టుకుని గడియారం తన వైపు తిప్పుకున్నాడు. సరిగ్గా ఆరు.

చాలాసేపు ముల్లు చూస్తూ నిలబడ్డాడు.

"ఎక్కడా ఆగలేదు," అన్నాడు. "సీదా ఇంటికే వత్తన్నాది."

మావయ్య